గడప దాటిన సాక్ష్యం

నా దేవునికి స్తోత్రం. కోపంతో రగిలిపోయిన రోజుల్లో కూడా నా నోటికి కళ్ళెం వేసి, మోకాళ్ళ మీదికి తెచ్చిన తండ్రికి స్తోత్రం. ఇది రాస్తున్నప్పుడు కూడా నాకు కోపంగానే ఉంది. ఆయన దగ్గర దాచేదేముంది?

బ్రూస్‌పేటలో మా ఇంట్లో శుక్రవారం మధ్యాహ్నం స్త్రీల కూడిక జరుగుతుంది. మా అత్తగారి కాలం నుంచి ఒక కట్టుబాటు ఉంది. ఎవరైనా సాక్ష్యం చెప్పేముందు వీధి తలుపు మూస్తాం. బళ్ళారి ఎండలో ఉక్కపోసి చస్తున్నా మూస్తాం. తాగి కొట్టే భర్తల గురించి, నిలవని కడుపుల గురించి ఆ గదిలో ఎన్నో విన్నాను. ఒక్కటీ బజారున పడలేదు.

క్రిస్మస్ దాటిన కొత్తలో విశ్వాసంలో చెల్లెలు ఒకామె కూడికకు వచ్చింది. పల్లెలో బడిపిల్లలకు మధ్యాహ్న భోజనం వండుతుంది. టీబీ వచ్చి పని మానింది. మందులన్నీ పూర్తిగా మింగి, నయమైందని డాక్టరు రాసిచ్చాక మళ్ళీ వంటకు చేరింది. హెడ్‌మాస్టరుకు తప్ప ఊళ్ళో అందరికీ కామెర్లని చెప్పుకుంది. సాక్ష్యం చెప్పడానికి జంకుతుంటే, "దేవుడు చేసిన మేలు మింగేస్తావా?" అని లేపింది నేనే.

పాటలకు కీబోర్డు వాయించేది మా తమ్ముడు, ఇంటివాడే కదా అని ఆ రోజూ గదిలోనే ఉండనిచ్చాను. వాడు ఇంటర్వ్యూలకు వెళ్ళే పిల్లలకు శిక్షణ ఇస్తాడు. తన పేరే ఒక బ్రాండు కావాలని రోజూ ఆన్‌లైన్‌లో ఏదో ఒకటి రాస్తుంటాడు. తలుపు మూశాను గానీ ఫోను లోపలే ఉందని నాకు తట్టలేదు.

ఆమె ఏడుస్తూ చేతులెత్తిన ఫోటో పెట్టి, జబ్బు పేరు రాసి, ఈ వంటమనిషి నాకు నాయకత్వం నేర్పింది అన్నట్టు ఇంగ్లీషులో రాశాడు. ఆ పల్లె నుంచి బెంగళూరు వెళ్ళిన ఒకాయన దాన్ని చూసి ఊరి వాట్సాప్ గ్రూపులో వేశాడు.

నాలుగో రోజు ఆమె మా గడప దగ్గరే కూలబడింది.

"తల్లులంతా బడికాడికి వచ్చినారమ్మా. ఆమె వండింది మా పిల్లోళ్ళు తినరు అంటాండారు. నన్ను పొయ్యి కాడికే రానీలేదు. ఆ పని పోతే నేను యాడికి పోవల్ల?"

తమ్ముణ్ణి పిలిపించాను.

"ఆమె పేరు పెట్టలేదు కదక్కా."

"మొహం పెట్టినావు కదరా!"

"మంచిగానే రాసినా. చూడు, ఎంతమంది మెచ్చుకుంటాండారో. ఒక కాలేజీవాళ్ళు మాట్లాడేకి పిలిచినారు."

"నిన్ను పిలిచినారు. ఆమెను ఎవరు పిలిచినారప్పా? పోయి ఆ ఊళ్ళో మాట్లాడు, చూస్తాను."

"ఊరికే సుమ్నే అరుస్తావేందక్కా, తీసేస్తాలే."

తీసేశాడు. మర్నాడు ఇంకొకటి పెట్టాడు: నా తప్పు నాకు నేర్పిన అయిదు పాఠాలు. మొదటిదానికంటే దాన్నే ఎక్కువమంది మెచ్చుకున్నారు. ఎంత నిజాయితీ, ఎంత వినయం అని రాశారు. ఆమె ఇంటి గడప మాత్రం వాడు తొక్కలేదు. ప్రభువు కాలంలో నలుగురూ చూడాలని వీధి మూలల్లో నిలబడి ప్రార్థించేవాళ్ళకు కనీసం కాళ్ళయినా నొప్పి పుట్టేవి. వీడు మంచం మీద పడుకొని పశ్చాత్తాపపడ్డాడు. కూడికలో ఇక కీబోర్డు ముట్టవద్దన్నాను. పాటలు వట్టి చప్పట్లతోనే సాగుతున్నాయి.

వాణ్ణి తిట్టినంత సులువుగా నన్ను నేను తిట్టుకోలేకపోయాను. ఆ గదికి పెద్దను నేను. లేచి చెప్పమన్నది నేను.

డాక్టరు చీటీ పట్టుకొని ఇద్దరం బడికి వెళ్ళాం. హెడ్‌మాస్టరు మంచివాడే, కన్నడం కలిపి మాట్లాడతాడు.

"నోడ్రమ్మా, నాకేం అనుమానం లేదు. ఆదరె తల్లిదండ్రులు ఒప్పుకోవల్ల కదా. సోమవారం బడి కమిటీ కూర్చుంటాది. డాక్టరమ్మను పిల్చుకొస్తే మాట్లాడనిస్తాను."

ఆరోగ్య కేంద్రం డాక్టరమ్మ వస్తానంది. బయటికి వచ్చాక ఆ చెల్లెలు అడిగింది, "నేను రావల్లా అమ్మా? అందరూ మళ్ళీ నా మొహమే చూస్తారు." వద్దన్నాను. కమిటీ ముందు నిలబడి నేను చెబుతాను, ఆమెను లేపి మాట్లాడించింది నేనేనని.

నేను రాసిన ఈ కాగితాలు ముందు ఆమెకే చదివి వినిపించాను. రెండుచోట్ల కొట్టేయమంది, కొట్టేశాను. అందులో ఒకటి ఊరి పేరు. మిగిలింది రాసుకోమంది.

ఇది చదువుతున్నవారు ఒక్క నిమిషం నాతో కలిసి తల వంచండి. ఆమె పేరు మీకు అక్కరలేదు, తండ్రికి తెలుసు. సోమవారం ఆ తల్లుల భయం తీరాలని, ఆమె మళ్ళీ ఆ పొయ్యి వెలిగించాలని అడగండి. తమ్ముడి కోసం ప్రార్థించడానికి నాకింకా నోరు రావడం లేదు. ఆ ఒక్క మాట నా బదులు మీరు అడగండి. ఆమేన్.