నాయన ఉండగానే గుండు

నా తలలో గడ్డ ఉందని, ముక్క తీసి పరీక్షిస్తే గానీ అది ఏ రకమో తెలియదని హైదరాబాదు దవాఖానలో డాక్టరు చెప్పాడు. ముందుగా మంగలి వచ్చి నాకు గుండు గీశాడు. మాలో తండ్రి పోతేనే కొడుకు గుండు చేయించుకుంటాడు. మా నాయన పక్కనే నిలబడి చూస్తున్నాడు.

మత్తు సూది చర్మం వరకే పనిచేసింది. వడ్రంగి బరమా లాంటిది పుర్రెలోకి దిగుతుంటే ఆ చప్పుడు నా పళ్లలో వినిపించింది. కదలొద్దన్నారు. కదిలే ధైర్యం ఎవడికుంది?

కట్టు విప్పాక, ఫలితం తర్వాత చెబుతామని ఇంటికి పంపారు. నారాయణఖేడ్‌లో బస్సు దిగి నేను ముందు నడుస్తున్నాను. నాయన మూటతో వెనకబడ్డాడు. అంగడికొచ్చిన కల్హేర్ చుట్టం ఒకాయన నా గుండు చూసి చేయి పట్టుకున్నాడు.

"మీ నాయన ఎప్పుడు పోయిండురా? మాకు కబురన్న చెయ్యకపోతిరి."

నాకు ఒళ్లు మండింది. "వెనకాలే వస్తుండు, చూడు" అన్నాను. ఆయన నాయనను చూసి, తలవంచుకుని వెళ్లిపోయాడు.

నాయనకు అంతా వినబడింది. మూట కింద పెట్టి, నా గుండు మీద చేయి వేశాడు.

"గాయన మాటే నిజం కానీ బిడ్డా. ముందుగాల పోవాల్సింది నేనే."