పాడైతే బాగుచేసుకుందాం

దెయ్యాలూ ఆత్మలూ అంటూ ఎవరైనా మొదలుపెడితే నేను లేచి టీ పెట్టుకోడానికి వెళ్ళిపోయే రకాన్నండి. తాడేపల్లిగూడెంలో నాకు కంప్యూటర్ రిపేరు షాపు ఉంది. వైరు ఊడితేనో, దుమ్ము పడితేనో, చీమలు దూరితేనో మిషను ఆగుతుంది తప్ప ఊరికే ఆగదు. చచ్చిపోయినవాళ్ళ సంగతి కూడా అంతే అనుకునేదాన్ని, చనిపోయాక ఇంకేం లేదని. ఇప్పుడు రాస్తున్నది చదివి నన్ను తేలిగ్గా తీసుకున్నా నాకేం బాధ లేదు. జరిగింది జరిగినట్టే చెబుతున్నాను.

నాకీ పని అబ్బడానికి కారణం మా మేనత్త. పేరు కరుణమ్మ. కొల్లేటి లంక ఊళ్ళలో టీచరుగా చేసింది. ఏలూరు నుంచి రోజూ బస్సెక్కి వెళ్ళేది, వానాకాలం రోడ్డు మునిగితే పడవలో వెళ్ళేది. యాభై దాటాక, ఎవరూ చెప్పకుండా, తనే కంప్యూటర్ నేర్చుకుంది. రిటైరయ్యాక సొంతంగా ఒకటి కొనుక్కుని, ఏలూరులో ఇంటి ముందు గదిలో పెట్టి, అడిగిన ఆడపిల్లలందరికీ నేర్పింది. నా చేతికి స్క్రూడ్రైవర్ ఇచ్చినప్పుడు, ఆడపిల్లకి ఇదేంటని మా నాన్న అంటే, అన్నం వండే చేత్తోనే ఇదీ తిప్పుతుందిలే అన్నయ్యా అని ఊరుకోబెట్టింది.

పిల్లలు మొదట్లో మౌసు ముట్టుకోడానికే భయపడేవాళ్ళట. అందుకని అత్త ఒక పని చేసింది. కంప్యూటర్ ఆన్ అయినప్పుడు వచ్చే సంగీతం తీసేసి, తన గొంతు రికార్డు చేసి పెట్టింది. "కూర్చోండి పిల్లలూ. కంగారేం లేదు. పాడైతే బాగుచేసుకుందాం." ఆ ఇంట్లో కంప్యూటర్ నేర్చుకున్న ప్రతి పిల్లకీ ఆ మాట కంఠతా వచ్చు. నాతో సహా.

అత్త చనిపోయిన ఏడాది ఆవిడ భర్త, మా మావయ్య, నన్ను పిలిచాడు. కొల్లేటికోటలో చర్చి పక్కన ఒక గది ఉంది, పిల్లలు సాయంత్రాలు చదువుకుంటారు. ఈ కంప్యూటర్ అక్కడికి ఇచ్చేద్దామన్నాడు. కాకపోతే అందులో ఇంటి విషయాలేవీ ఉండకూడదు, మొత్తం చెరిపెయ్యమన్నాడు. ఫోటోలు వేరే డిస్కులోకి తీసి పెట్టాను. ఆ గొంతు ఫైలు కూడా తియ్యనా మావయ్యా అంటే, వద్దమ్మా, అది వింటూ కూర్చుంటే నేను లేవలేను అన్నాడు. మొత్తం చెరిపేశాను. మామూలు డిలీట్ కాదు. డిస్కు ఆ చివర నుంచి ఈ చివర దాకా సున్నాలతో నింపేశాను. అలా చేశాక వెనక్కి తేవడం ఎవరివల్లా కాదు.

మర్నాడు పొద్దున్నే వ్యానులో వేసుకుని కొల్లేటికోట బయల్దేరాం, మావయ్యా నేనూ. అక్కడ మాకోసం దేవమణి ఎదురుచూస్తోంది. ఆ ఊరి పిల్లే, అత్త దగ్గర నేర్చుకుని ఇప్పుడు సచివాలయంలో ఉద్యోగం చేస్తోంది. ఆ గది చూసుకునేది తనే. మర్నాడు ఆదివారం ఆరాధన అయ్యాక గది ప్రారంభం, ఊళ్ళో అందరికీ చెప్పేశారు.

కొత్తగా విండోస్ ఎక్కించుకుందామని ఆన్ చేస్తే కంప్యూటర్ లేవలేదు. బూట్ డిస్కు లేదని నల్లటి తెర మీద తెల్ల అక్షరాలు. డిస్కు ఖాళీ కాబట్టి అది సహజమే, కానీ నా పెన్‌డ్రైవ్‌ని కూడా పట్టించుకోలేదు. లోపల మదర్‌బోర్డు మీద రూపాయి బిళ్ళంత బ్యాటరీ ఉంటుంది. అది అయిపోయి సెట్టింగులన్నీ పోయాయి. పాత వాటిల్లో ఇది మామూలే. సంచిలోంచి కొత్తది తీసి వేశాను. ఈసారి ఆ అక్షరాలు కూడా రాలేదు. ఫ్యాను తిరుగుతోంది, తెర మాత్రం నల్లగా ఉంది.

మధ్యాహ్నం దాటింది. నాకు చెమటలు పడుతున్నాయి. అత్త పేరు చెప్పి పట్టుకొచ్చిన వస్తువు, ఊరందరి ముందూ లేవకపోతే ఎలాగ? దేవమణి విసనకర్రతో విసురుతోంది. మావయ్య కిటికీ దగ్గర కుర్చీలో కూర్చుని చెరువుల వైపు చూస్తున్నాడు.

తేడా డిస్కులోనే ఉందేమో చూద్దామని దాన్ని ఊడబీకి బల్ల మీద పేపరు పరిచి పెట్టాను. పెన్‌డ్రైవ్ కూడా లాగేశాను. అంటే ఆ పెట్టెలో ఇప్పుడు ఏదైనా దాచుకునే వస్తువే లేదు. నిలబడే స్విచ్ నొక్కాను. ఫ్యాను తిరిగింది. తెర నల్లగానే ఉంది.

అప్పుడు స్పీకర్లలోంచి వచ్చింది.

"కూర్చోమ్మా. కంగారేం లేదు. పాడైతే బాగుచేసుకుందాం."

దేవమణి చేతిలో విసనకర్ర ఆగిపోయింది. "టీచరుగారు" అంది, చాలా మెల్లగా. మావయ్య కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. ముగ్గురం విన్నాం. ఆ తర్వాత విడివిడిగా అడిగినా ఇద్దరూ అదే మాట చెప్పారు. "కూర్చోండి పిల్లలూ" కాదు. "కూర్చోమ్మా."

చెబితే నవ్వుతారేమోగానీ, నాకు భయం వెయ్యలేదండి. కూర్చున్నాను. నిజంగానే కుర్చీ లాక్కుని కూర్చున్నాను.

మావయ్య నా వెనక్కొచ్చి నిలబడి, "మీ అత్త చెప్పింది కదమ్మా, నిదానంగా చూడు" అన్నాడు.

నిదానంగా చూశాను. వ్యాను కుదుపులకి వదులైన ర్యామ్ ముక్క నేను బ్యాటరీ మార్చేటప్పుడు ఇంకాస్త కదిలింది, దాని కాళ్ళకి నలుపు కూడా పట్టింది. పెన్సిల్ రబ్బరుతో తుడిచి మళ్ళీ గట్టిగా కూర్చోబెట్టాను. తెర వెలిగింది. డిస్కు బిగించే ముందు నా ల్యాప్‌టాప్‌కి తగిలించి చూశాను. సున్నాలు తప్ప ఒక్క అక్షరం లేదు. చీకటి పడకముందే విండోస్ ఎక్కింది. ఈసారి అందరి కంప్యూటర్లలో వచ్చే సంగీతమే వచ్చింది.

తర్వాత నాకు తోచిన కారణాలన్నీ వెతికాను. ఎవరి ఫోనైనా మోగిందా అంటే, నాది వ్యానులో ఛార్జింగులో ఉంది, దేవమణిది బండి డిక్కీలో ఉంది, మావయ్య దగ్గరుండేది బటన్ల ఫోను. స్పీకర్లు అప్పుడప్పుడు రేడియోని పట్టుకుంటాయి, నిజమే. కానీ మా అత్తని ఏ రేడియో పట్టుకుంటుంది? ముగ్గురం ఆవిడ్నే తలుచుకుంటున్నాం కాబట్టి అలా అనిపించిందేమో అని మా ఆయన అన్నాడు. ముగ్గురికీ ఒకేసారి, మారిన మాటతో సహా అనిపిస్తుందా అని అడిగితే ఆయన మొత్తం మళ్ళీ మొదటి నుంచి చెప్పించుకున్నాడు. దేవమణి మాత్రం దీని గురించి తల బద్దలుకొట్టుకోలేదు. టీచరుగారు క్లాసు ఎప్పుడు మానేశారు గనక అని ఊరుకుంది.

ఆదివారం గది నిండిపోయింది. ముందు పిల్లలు కూర్చుంటారనుకున్నాం. కానీ చేపల చెరువుల మీద పనికెళ్ళే సువార్తమ్మ అనే పెద్దావిడ చీర కొంగుతో చేతులు తుడుచుకుని వచ్చి, నేను కూర్చోవచ్చా అండీ అని మావయ్యని అడిగింది. ఆయన తన చేత్తో కుర్చీ లాగి వేశాడు. దేవమణి ఒక్కో అక్షరం చూపిస్తుంటే ఆవిడ ఒక్క వేలితో వెతుక్కుంటూ తన పేరు కొట్టింది. ఎవరూ తొందరపెట్టలేదు. పేరు పూర్తయ్యాక, తెర మీద నుంచి కళ్ళు తియ్యకుండా, ఇది నేనేనా అంది.

మా వంశంలో కలెక్టర్లూ డాక్టర్లూ ఎవరూ లేరండి. కరుణమ్మ ఉంది. ఆవిడ మేనకోడల్నని చెప్పుకోడానికి ఆ రోజు ఆ గదిలో నాకు ఎంత గర్వంగా అనిపించిందో రాయలేను. ముందురోజు అదే బల్ల దగ్గర నేను విన్నదేంటంటే మాత్రం, ఇప్పటికీ నాకు తెలియదు.