హీటర్ కింద నా చెయ్యి

మా ఆఫీసు ఎదుటి భవనానికి ఒళ్లంతా అద్దాలే. నా సీటు తూర్పువైపు ఉన్నా, సాయంత్రం నాలుగయ్యేసరికి పడమటి ఎండ ఆ అద్దాలకు తగిలి తిరిగొచ్చి నా బల్ల మీద పడుతుంది. తెర దించుకోమని పక్కసీటువాళ్లు పోరుతూనే ఉంటారు. నేను దించను. కుడిచేతి మీద ఆ వేడి మెల్లగా ఎక్కుతుంటే యాదగిరి సార్ గొంతు వినిపిస్తుంది. "తియ్యకు బిడ్డా. జర ఆగు."

హైటెక్ సిటీలో నా మొదటి ఉద్యోగం అంటే అందరూ ఇలాంటి అద్దాల మేడే ఊహించుకుంటారు. నాది మాదాపూర్ వెనక సందులో, టిఫిన్ సెంటర్ పైనున్న రెండంతస్తుల కంపెనీ. పొద్దున్నే దోసెల వాసనతో పాటు మేమూ మెట్లెక్కేవాళ్లం. నెలలు నిండకుండా పుట్టిన పసివాళ్లను వెచ్చగా ఉంచే వార్మర్లు అక్కడ తయారయ్యేవి. చిన్న పరుపు, దానిపైన హీటర్, ఎంత వేడి ఇవ్వాలో చూసుకునే ఒక ప్రాసెసర్. ఆ ప్రాసెసర్‌కు ప్రోగ్రామ్ రాయడం నా పని. కాకినాడ నుంచి వచ్చి నిజాంపేట హాస్టల్లో దిగిన నాకు చదువులో మంచి మార్కులున్నాయి, వాటికి మించిన పొగరూ ఉంది. టెస్టింగ్ చూసే యాదగిరి సార్‌ది సిద్దిపేట వైపు. డిప్లొమా చదివి, చాలా ఏళ్లు టీవీలు బాగుచేసి ఇటొచ్చిన మనిషి. ఈయనా నా ప్రోగ్రామ్ తప్పులు పట్టేది అని మొదటివారం లోలోపల నవ్వుకున్నాను. ఆ నవ్వు తలచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

ప్రాసెసర్ ఆగిపోతే కనిపెట్టడానికి దాని పక్కన వాచ్‌డాగ్ అని ఇంకో చిన్న చిప్ పెడతారు. ప్రోగ్రామ్ తన పని ఒక చుట్టు పూర్తిచేసినప్పుడల్లా దానికి 'నేనున్నాను' అని సంకేతం పంపాలి. సంకేతం రాకపోతే వాచ్‌డాగ్ హీటర్ ఆపేసి, ప్రాసెసర్‌ను మొదటినుంచి మళ్లీ నడిపిస్తుంది. అది నిజంగా పనిచేస్తోందా లేదా అన్నది సార్ కాగితం చూసి ఒప్పుకునేవారు కాదు. ప్రోగ్రామ్ రాసినవాళ్లను పిలిచి, పసిబిడ్డ పడుకునే చోట వాళ్ల చెయ్యే పెట్టించేవారు. తర్వాత జేబులోంచి సన్నటి ట్వీజర్ తీసి ప్రాసెసర్‌కు గడియారంలా ఉండే క్రిస్టల్ కాళ్లకు ఆనించేవారు. ప్రాసెసర్ అక్కడికక్కడ ఆగిపోయేది. ఇక హీటర్ ఆరేదాకా చెయ్యి తియ్యకూడదు. "నీ చెయ్యి వెట్టనికి భయమైతే గాడ బిడ్డనెట్ల పండవెడతరు?" అనేవారు. ఆయన చాదస్తం గురించి మేం కింద టిఫిన్ సెంటర్‌లో తెగ జోకులేసుకునేవాళ్లం.

నా వంతు వచ్చిన రోజు నాకు ఆకలి కూడా లేదు. మర్నాడు పొద్దున ఆరు వార్మర్లు ఒక జిల్లా ఆసుపత్రికి వెళ్లాలి. ట్వీజర్ ఆనగానే నా యంత్రం టక్కున హీటర్ ఆపేసి, మళ్లీ మొదలైంది. హమ్మయ్య అనుకుని చెయ్యి తియ్యబోయాను. "తియ్యకు బిడ్డా. జర ఆగు" అని సార్ ఈసారి ఉష్ణోగ్రత కొలిచే సెన్సర్ వైరు లాగేశారు. తెర మీద అంకె కదల్లేదు. హీటర్ ఎర్రగా అలాగే ఉంది. సంకేతం వెళ్తోందని చూపే పచ్చలైటు మాత్రం ఠంచనుగా వెలిగి ఆరుతోంది. చెయ్యి వెచ్చబడింది, కాసేపటికి చుర్రుమంది. పంతం కొద్దీ బిగబట్టాను. సార్ తన చెయ్యి నా చేతికీ హీటర్‌కూ మధ్య అడ్డం పెట్టారు. అప్పటికి నా ధైర్యం సడలింది. "ఆపెయ్యండి సార్, తప్పు నాదేనండి" అన్నాను.

ఆయన హీటర్ ఆపి స్టూల్ మీద కూర్చున్నారు. "ఆ పచ్చలైటు ఎవలు ముట్టిస్తున్నరు?"

"టైమర్ సార్."

"మరి పనిజేసేటోడు?"

"సెన్సర్ జవాబు కోసం ఎదురుచూస్తూ ఆగిపోయాడు సార్."

"అంటే, క్లాసుకు రానోని హాజరు పక్కోడు పలుకుతున్నడు."

జరిగింది అదే. వారం కిందట నా యంత్రం ఉండుండి దానంతటదే ఆగి మళ్లీ మొదలయ్యేది. ఎక్కడో ఏదో తేడా ఉందని వాచ్‌డాగ్ నాకు చెబుతూనే ఉంది. గడువు దగ్గరపడటంతో నేను ఆ సంకేతం పంపే పనిని అసలు ప్రోగ్రామ్ నుంచి తీసి ప్రాసెసర్‌లోనే ఉండే టైమర్‌కు అప్పగించాను. ట్వీజర్ ఆనించినట్టు ప్రాసెసర్ మొత్తం ఆగితే తప్ప, ప్రోగ్రామ్ ఎక్కడ ఇరుక్కున్నా టైమర్ తన పాటికి తాను తిరుగుతూనే ఉంటుంది. గొడవ ఆగిపోయింది. ఎవరికీ చెప్పకుండా పరీక్ష పూర్తయిందని సంతకం పెట్టి, హాస్టల్‌కు పోయి కడుపునిండా తిన్నాను.

నన్ను మేనేజర్‌కు పట్టిస్తారని ఏడ్చాను. "ఏడ్వకు. నేనైతే చెప్ప. నువ్వే చెప్పాలె. పక్కన నిలవడ్త, ఫికర్ వెట్టుకోకు" అన్నారు. చెప్పాను. మేనేజర్ ఇంతెత్తున లేచాడు. అతను ఊపిరి తీసుకునేదాకా ఓపిగ్గా చూసి, "తిట్టుడు అయినంక ఆసుపత్రికి ఫోన్ జెయ్యుండ్రి సార్, నాలుగు దినాలు గావాలె" అన్నారు యాదగిరి సార్. ఆ నాలుగు రోజుల్లో వదులుగా ఉన్న సెన్సర్ కనెక్టర్లు మార్చారు. జవాబు రాకపోతే హీటర్ ఆపి గంట మోగించేలా నేను ప్రోగ్రామ్ తిరగరాశాను. సంకేతాన్ని పని చివరికి తెచ్చి పెట్టాను. మళ్లీ పరుపు మీద చెయ్యి పెట్టాను. వైరు లాగగానే హీటర్ ఆరి, గంట మోగింది. "ఇగ నడు, చాయ్ తాగుదం" అన్నారు. అంత మంచి చాయ్ నేను మళ్లీ తాగలేదు.

తర్వాత నేను ఇలాంటి యంత్రాలే చేసే పెద్ద కంపెనీకి మారాను. సార్ పని మానేసి గోపన్‌పల్లిలో కూతురు స్వప్న దగ్గర ఉండిపోయారు. రోజూ పొద్దున ఏడింటికి ఆయన ఫోన్ నుంచి ఒక పువ్వు బొమ్మ, కింద శుభోదయం. నేను తిరిగి దండం బొమ్మ పెట్టేదాన్ని. అక్కడికి నా ఆఫీసు నుంచి అరగంట దారి. పువ్వు వస్తోంది కదా, సార్ బాగానే ఉన్నారు అనుకుంటూ రెండేళ్లు గడిపేశాను.

ఒకసారి సెన్సర్ గురించి సందేహం వచ్చి, ఫోన్ చేయనా సార్ అని రాశాను. మర్నాడు మందారం వచ్చింది. జవాబు లేదు. ఆ మర్నాడు గులాబీ, ఏడింటికే, ఠంచనుగా. గులాబీ చూస్తుంటే ఆ పచ్చలైటు గుర్తొచ్చింది. సెలవు పెట్టి గోపన్‌పల్లి వెళ్లాను. స్వప్న తలుపు తీసి తల దించుకుంది. "నాలుగు నెలలాయె అక్కా. పక్షవాతం. కుడిపక్క వడిపోయింది, మాట లేదు. అందరు పరేషాన్ అయితరని పువ్వులు నేనే పంపుతున్న."

ఆమెను ఏమనగలను? ఏళ్ల కిందట నేను చేసిన పనే, పాపం, ఆమె ప్రేమకొద్దీ చేసింది. సార్ నన్ను గుర్తుపట్టారు. ఎడమచేత్తో నా కుడిచెయ్యి అందుకుని, తిప్పి, దాని మీద కాలిన మచ్చేమైనా ఉందేమోనని వెతికారు. మచ్చ ఎప్పుడూ లేదు. నేను మాత్రం భోరుమన్నాను. ఆ తర్వాత ప్రతి ఆదివారం వెళ్లి, ఆఫీసులో సమస్యలన్నీ ఆయనకు చెప్పేదాన్ని. నేను సరిగ్గా చేశాననిపిస్తే ఒకసారి చెయ్యి నొక్కేవారు. చాలాసార్లు నొక్కేవారు కాదు. వానాకాలం మొదట్లో వెళ్లిపోయారు.

ఇప్పుడు నా దగ్గర చేరిన కొత్తవాళ్ల చేతులు హీటర్ కింద నేను పెట్టిస్తున్నాను. నా వెనక వాళ్లూ జోకులేసుకుంటారని తెలుసు. నా ఫోన్‌లోకి ఇంకా ఎవరెవరి పువ్వులో వస్తుంటాయి. చూసి ఊరుకోను. రోజుకొకరికి ఫోన్ చేసి, ఇవాళ ఏం వండుకున్నారని అడిగి, వాళ్లు ఆలోచించి చెప్పేదాకా ఆగుతాను. నాలుగున్నరకు బల్ల మీది ఎండ చుర్రుమంటుంది. అడ్డం పెట్టడానికి ఆయన చెయ్యి లేదు. నా చెయ్యి నేనే పక్కకు తీసుకుని ఫోన్ అందుకుంటాను.