పక్కకు జరగని మనిషి

నాచారంలో దేవానందం గురించి ఎవరినడిగినా ఒకే మాట చెప్పేవారు: మంచి మనిషి, బాగా నిలబడతాడు. అది మెచ్చుకుంటూ అన్న మాటే. ఉప్పల్ చౌరస్తా దగ్గర, మెట్రో పిల్లర్ల ఎదురుగా, మొదటి అంతస్తులో ఒక బంగారం తాకట్టు ఆఫీసు ఉండేది. ఆ ఆఫీసు తలుపు పక్కన ఆయన డబుల్ బ్యారెల్ తుపాకీతో ఏళ్ల తరబడి నిలబడ్డాడు. కూర్చోవడానికి ఆఫీసు వారు స్టూలు ఇచ్చారు. దాని మీద ఆయన టిఫిన్ డబ్బా కూర్చునేది.

నిలబడటం ఒక విద్య అని లోకం ఒప్పుకోదు గానీ, అందులో ఆయన పండితుడు. ఏ మోకాలికి ఎప్పుడు విశ్రాంతి ఇవ్వాలో, వచ్చినవాడి మొహం చూడకుండా చేతులు మాత్రం ఎలా కనిపెట్టాలో ఆయనకు తెలుసు. డ్యూటీలో కస్టమర్లతో మాట్లాడకూడదని ఏజెన్సీ నియమం. దాన్ని ఆయన బైబిల్‌లోని పది ఆజ్ఞల పక్కన పదకొండోదిగా చేర్చుకున్నాడు. అంతకుముందు కొన్నేళ్లు సైన్యంలో ఉన్నాడు. ఎక్కువ కాలం స్టోర్సులో దుప్పట్లకు కాపలా కాశాడు. శత్రువు ఒక్క దుప్పటి కూడా ఎత్తుకుపోలేకపోయాడు. పింఛనుకు సరిపడా కాలం నిండకముందే ఇంటికొచ్చేశాడు.

తుపాకీ ఆయన సొంతం, లైసెన్సు ఆయన పేరు మీద ఉంది. సెక్యూరిటీ ఏజెన్సీ వారికి నిజంగా కావలసింది తుపాకీ. అది ఒంటరిగా బస్సెక్కి రాలేదు కనుక వెంట ఒక మనిషిని కూడా ఒప్పుకుంటారు. లైసెన్సు ఉన్నంతకాలం దేవానందం గన్‌మన్. అది పోతే మోకాళ్లు అరిగిన ముసలాయన. భార్య మార్తమ్మకు ఈ సంగతి బాగా తెలుసు. అందుకే తుపాకీకి పాత కంబళితో తొడుగు కుట్టింది. రోజూ ప్రార్థనలో, నర్సింగ్ చదువుతున్న కూతురు గ్రేసీ పేరు తర్వాత ఆ తుపాకీని కూడా దేవుడికి అప్పగించేది.

ఆ తుపాకీ ఆఫీసులో ఏనాడూ పేలలేదు. తూటాలు మేనేజర్ సొరుగులో ఉండేవి. సొరుగు తాళం మేనేజర్ జేబులో ఉండేది. మేనేజర్ తీరిగ్గా వచ్చేవాడు. ఆలోగా వచ్చే దొంగలను గాంభీర్యం ఒక్కదానితోనే ఎదుర్కోవాలి.

ఒక శనివారం పొద్దున బుచ్చిరాములు అనే ఆయన వచ్చాడు. నాచారం ఫ్యాక్టరీలో పని, పీర్జాదిగూడలో అద్దె ఇల్లు. భార్య లక్ష్మీనర్సమ్మ చెయ్యి విరిగి దవాఖానాలో ఉంది. మధ్యాహ్నం బిల్లు కట్టి ఆమెను ఇంటికి తీసుకుపోవాలి. అందుకని ఆమె మెడలో వేసుకునే బంగారు గుండ్లపేరు తాకట్టు పెట్టడానికి తెచ్చాడు. బంగారం పరీక్షించే బసవరాజు కొత్తగా చేరినవాడు. గుండ్లను గీటురాయి మీద గీశాడు, తూచాడు, చూపుకు తగ్గ బరువు లేదని తల అడ్డంగా ఊపాడు. మేనేజర్ ఉమామహేశ్వర్ మొహం పాలిపోయింది. నకిలీ బంగారం గురించి హెడ్డాఫీసు నుంచి ఆ వారమే హెచ్చరిక వచ్చింది మరి.

పోలీస్ స్టేషన్ దగ్గర్లోనే ఉంది. కానీ పైవారికి తెలియకముందే పోలీసులకు తెలియడం ఆ కంపెనీలో నకిలీ బంగారం కంటే పెద్ద నేరం. కనుక ఉమామహేశ్వర్ రీజినల్ ఆఫీసుకు మెయిల్ రాశాడు. బుచ్చిరాములు ఫోన్ తీసి సొరుగులో పెట్టాడు. జవాబు వచ్చేదాకా ఆయన్ని కదలనివ్వొద్దని దేవానందానికి చెప్పాడు.

దేవానందం తలుపు పక్క నుంచి తలుపు ముందుకు వచ్చాడు. ఆయన ఉద్యోగ జీవితంలో అదే పెద్ద ప్రయాణం. ఎప్పుడూ నిలువుగా ఉండే తుపాకీని అడ్డంగా పట్టుకున్నాడు.

"అన్నా, జర పక్కకు జరుగు," అన్నాడు బుచ్చిరాములు. "నా ఇంటామె దవాఖానల ఎదురుసూస్తున్నది."

దేవానందం టిఫిన్ డబ్బా కింద పెట్టి స్టూలు ఆయన వైపు కాలితో జరిపాడు. మధ్యాహ్నం తన అన్నంలో సగం మూతలో పెట్టి అందించాడు. బుచ్చిరాములు ముట్టలేదు. మళ్లీ అడిగాడు, కాసేపటికి మళ్లీ అడిగాడు. ఆ తర్వాత అడగడం మానేసి తుపాకీ వైపు చూస్తూ కూర్చున్నాడు. మెయిల్ రాలేదు.

ఎన్నిసార్లు ఫోన్ చేసినా భర్త ఎత్తకపోయేసరికి, లక్ష్మీనర్సమ్మ కట్టు కట్టిన చేత్తోనే ఆటో ఎక్కి వచ్చింది. మెట్లెక్కి చూస్తే, గాజు తలుపు అవతల తుపాకీ, దాని వెనక భర్త. తలుపు బాది జరగమంది. దేవానందం జరగలేదు. ఆమె అక్కడే మెట్ల మీద కూర్చుని, మంచి చేత్తో పోలీసులకు ఫోన్ చేసింది.

పోలీసులు, మెయిల్ ఇంచుమించు కలిసే వచ్చారు. నిబంధనల ప్రకారం తగు చర్య తీసుకోగలరని మెయిల్‌లో ఉంది.

స్టేషన్‌లో ఎస్సై ఉదయశ్రీ అందరినీ కూర్చోమంది. దేవానందం అలవాటు కొద్దీ నిలబడ్డాడు.

"పెద్దాయనా, దొంగను మామూలు మనిషి గూడ పట్టుకోవచ్చు. చట్టంల ఉన్నది," అంది ఆమె. "కానీ బెయిల్ దొరకనంత పెద్ద నేరం నీ ముందట జరగాలె. పట్టుకున్నంక ఆలస్యం జెయ్యకుండ మాకు అప్పజెప్పాలె. నీ కండ్లతోని నువ్వు ఏం జూసినవ్?"

దేవానందం నిజమే చెప్పాడు. "మేనేజర్ సారు మొకం జూసిన మేడం."

కొత్త చట్టంలో ఆరు గంటల గడువు ఉందనీ, అది ఇంకా నిండలేదనీ ఉమామహేశ్వర్ మనవి చేసుకున్నాడు. ఆయన అప్పుడే ఫోన్‌లో చదివాడు. ఆ గడువు స్టేషన్‌కు తెచ్చేందుకే గానీ మీ దగ్గర కూర్చోబెట్టుకునేందుకు కాదని ఆమె చెప్పింది. మీ ఆఫీసు నుంచి ఇక్కడికి చాయ్ తెస్తే చల్లారదని కూడా అంది. అప్పుడు మేనేజర్‌కు ఇంకో సంగతి గుర్తొచ్చింది. తాను ఆగమని మాత్రమే అన్నాడట. తుపాకీతో తలుపు ముందు నిలబడటం గన్‌మన్ సొంత నిర్ణయమట.

"గురి పెట్టలేదు మేడం. ఊకె అడ్డం పట్టుకున్న," అన్నాడు దేవానందం. "అండ్ల తూటాలు గూడ లెవ్వు."

"ఆ సంగతి బుచ్చిరాములుకు ఎరుకనా?"

దేవానందం బుచ్చిరాములు చేతుల వైపు చూశాడు.

గుండ్లను మరోచోట పరీక్ష చేయించారు. పైన మేలిమి బంగారమే, లోపల లక్క. ఊళ్లో నగలు చేసే అవుసులాయన పాతకాలపు పనితనం, మోసం కాదు. అంటే నేరమే జరగలేదు. జరగని నేరానికి దేవానందం ఒక మనిషిని గంటల తరబడి పట్టి ఉంచాడు. మేనేజర్ మీద, ఆయన మీద అక్రమ నిర్బంధం కేసు పెట్టారు. ఆయన మీద అదనంగా ఆయుధం చూపి బెదిరించిన కేసు. ఎన్నడూ ఆయన కూర్చోని ఆ స్టూలు నిర్బంధించి కూర్చోబెట్టిన ఆసనంగా కాగితాలకెక్కింది. తుపాకీ స్టేషన్‌లో ఉండిపోయింది. లైసెన్సు ఎందుకు రద్దు చేయకూడదో చెప్పమని నోటీసు వచ్చింది. తుపాకీ లేనిదే పోస్టింగ్ లేదని ఏజెన్సీ వారు ఎంతో మర్యాదగా చెప్పారు.

బుచ్చిరాములు రాజీపడితే నిర్బంధం కేసు పోతుందనీ, ఆ ఆధారంతో లైసెన్సు నిలుపుకోవచ్చేమో అడుగుదామనీ వకీలు పరంధామయ్య ఆశ చూపాడు. మార్తమ్మ భర్తను పీర్జాదిగూడ తీసుకుపోయింది. లక్ష్మీనర్సమ్మ చేతికి ఇంకా కట్టు ఉంది. బుచ్చిరాములే చాయ్ పెట్టి ఇచ్చాడు. మార్తమ్మ తమ పరిస్థితి చెబుతుంటే దేవానందం గడప దగ్గరే నిలబడ్డాడు.

"ఆడ నిలబడకు," అంది లక్ష్మీనర్సమ్మ. "లోపలికన్న రా, బయటికన్న పో."

ఆయన లోపలికి వచ్చి నేల మీద కూర్చున్నాడు.

"నువ్వు తిట్టలే, కొట్టలే," అన్నాడు బుచ్చిరాములు. "స్టూలు ఇచ్చినవ్, బువ్వ పెట్టినవ్. కానీ అన్నా, నేను అన్నిసార్లు అడిగితిని. ఒక్కపారన్న నా మొకం దిక్కు సూసినవా? నీ తుపాకీకి గాదు, నీ మొకానికి భయపడ్డ నేను."

దేవానందం అప్పుడు ఆయన మొహం చూశాడు. చేతులు చూస్తే వెంటనే గుర్తుపట్టేవాడు. మొహం మాత్రం కొత్తగా ఉంది.

బుచ్చిరాములు రాజీకి సంతకం పెట్టాడు, దేవానందం వరకే. కానీ క్షమించడానికి ఆయన చేతిలో ఉన్నది తనకు జరిగిన అన్యాయం ఒక్కటే. తుపాకీ సంగతి సర్కారుది. సర్కారుకు ఎవరి ఇంట్లోనూ చాయ్ తాగే అలవాటు లేదు. వానాకాలం పోకముందే లైసెన్సు రద్దు ఉత్తర్వు వచ్చింది. అప్పీలుకు పోవచ్చని పరంధామయ్య అన్నాడు గానీ, ఆశ చూపలేదు.

కంబళి తొడుగు ఖాళీగా మేకుకు వేలాడుతోంది. మార్తమ్మ ప్రార్థనలో గ్రేసీ పేరు చెప్పాక ఇప్పటికీ క్షణం ఆగుతుంది. ఆ తర్వాత ఆమెన్ అంటుంది.

దేవానందం ఇప్పుడు మేడిపల్లిలో ఒక అపార్ట్‌మెంట్ వాచ్‌మన్. చేతిలో కర్ర, మెడలో విజిల్. దొంగ వస్తే పట్టుకుంటావా అని చేరిన రోజే సెక్రటరీ అడిగాడు. ఫోన్ చేస్తానన్నాడు. జీతం తక్కువ కనుక సెక్రటరీ సర్దుకున్నాడు. ఈ మధ్య ఆయన మీద ఇంకో ఫిర్యాదు వచ్చింది: గేటు దగ్గర నిలకడగా నిలబడడు. లోపలివారో బయటివారో చూసుకోకుండా, ఎవరు కనబడినా వాళ్లు అడగకముందే పక్కకు జరుగుతాడు.