నేల మీద నేను కొట్టిన రెండు దెబ్బలు

దయ్యాల కథలు చెప్పేవాళ్ళంటే నాకు మొదటినుంచీ చిరాకు. మా కోలార్ గోల్డ్ ఫీల్డ్స్‌లో మూతపడిన ప్రతి గనికీ ఒక దయ్యం ఉందంటారు. నేను ఎలక్ట్రీషియన్‌ని. శబ్దం వస్తే పైపో, పందికొక్కో అని వెతుకుతాను తప్ప దండం పెట్టను. అందుకే ఇది రాయాలంటే సిగ్గుగా ఉంది. భయంగా కూడా ఉంది.

పెళ్ళయి తొమ్మిదేళ్ళయినా మాకు పిల్లల్లేరు. లోపం నాది. నా వీర్యంలో కణాలే లేవని రిపోర్టు వచ్చిన రోజు, అన్నేళ్ళూ నా భార్య సరళ చేత మందులు మింగించినందుకు తలెత్తుకోలేకపోయాను. బెంగళూరు ఆస్పత్రిలో నా వృషణంలోంచి సూదితో కొన్ని కణాలు తీశారు. సరళ అండాలు తీసి, ఒక్కో అండంలోకి ఒక్కో కణాన్ని సన్నటి సూదితో ఎక్కించారు. దాన్నే ఇక్సీ అంటారు. రెండు పిండాలు నిలిచాయి. ఒకటి సరళ గర్భంలో పెట్టారు, ఇంకోటి ఫ్రీజ్ చేశారు. నా దగ్గర మళ్ళీ కణాలు దొరుకుతాయన్న నమ్మకం లేదని డాక్టరమ్మ ముందే చెప్పేసింది. అంటే మాకున్నవి ఆ రెండే.

రక్తపరీక్షకి రెండు వారాలు ఆగాలి. అందాకా అమ్మ దగ్గర ఉందామని మా లైన్ ఇంటికి వచ్చాం. గని కార్మికుల కోసం గోడకి గోడ ఆనించి వరసగా కట్టిన ఇళ్ళు అవి. మనుషుల్ని గనిలోకి దించే ఇనప లిఫ్టుని కేజ్ అంటారు. పైనుంచి దాన్ని నడిపే డ్రైవర్ మా నాన్న. కింద ఎవరున్నారో ఆయనకి కనబడదు కాబట్టి పనంతా బెల్లు మీదే. రెండు కొడితే దించమని. మూడు కొడితే మనుషులు ఎక్కుతున్నారని. విన్న డ్రైవర్ అన్నే తిరిగి కొట్టాలి. కొట్టేదాకా కేజ్ కదలదు. చిన్నప్పుడు మా లైన్ పిల్లలకి అదే ఆట. ఎవడినైనా పొమ్మనాలంటే గోడ మీద రెండు కొట్టేవాళ్ళం.

నాలుగో రోజు మధ్యాహ్నం సరళ మంచం మీద పడుకుని, నేల కింద ఎవరో తడుతున్నారంది. నేనూ విన్నాను. మూడు. కాసేపాగి మళ్ళీ మూడు. మర్నాడూ అదే వేళకి వచ్చింది. మోటార్ ఆపాను, పైపులు చూశాను. ఏమీ దొరకలేదు.

పక్కింటి పెద్దాయన పనే అనుకున్నాను. ఆయనా పాత గని మనిషే, ఎగతాళి ఎక్కువ. ఆరో రోజు సరళ పెరట్లో ఉండగా మళ్ళీ మొదలైంది. ఒళ్ళు మండి, స్క్రూడ్రైవర్ పిడితో నేల మీద రెండు కొట్టాను. పో, అని.

కింద నుంచి రెండు దెబ్బలు తిరిగి వచ్చాయి. నిదానంగా, లెక్కగా. తర్వాత ఇక ఏమీ వినబడలేదు.

అమ్మ గరిటెతోనే వంటింట్లోంచి వచ్చింది.

"ఎవురు కొట్టింది? నువ్వా?"

"నేనేమా. ఆ పక్కింటాయన..."

"ఆయప్ప యాడుండాడు రా? బైరకూరుకు పోయి వారం దినాలాయె. ఇంటికి బీగం ఏసుండాది." సరళకి వినబడకుండా గొంతు తగ్గించింది. "మూడు కొట్టినోళ్ళకి మూడే కొట్టాల గదరా! మీ నాయన ఒక్క దినమన్నా తప్పు కొట్టినాడా? దించమని చెప్పేసినావే నువ్వు!"

నవ్వేద్దామనుకున్నాను. నవ్వు రాలేదు. వెళ్ళి చూస్తే పక్కింటి తాళం మీద దుమ్ము పేరుకుని ఉంది.

ఆ సాయంత్రమే సరళకి రక్తం కనబడింది. తర్వాత పరీక్షలో గర్భం లేదనే వచ్చింది. ఇలా జరగడం మామూలేనని, ఎవరి తప్పూ కాదని డాక్టరమ్మ చెప్పింది. అది నాకూ తెలుసు. అయినా నేను కొట్టిన సంగతి సరళకి ఇప్పటిదాకా చెప్పలేదు.

పది రోజుల కింద రెండోది, ఆఖరిది పెట్టారు. ఈసారి సరళని రాయల్పాడులో వాళ్ళ పుట్టింటికి తీసుకొచ్చాను. ఇక్కడ గనుల్లేవు, చుట్టూ మామిడి తోటలే. అందుకే తెచ్చాను.

నిన్న మధ్యాహ్నం సరళ మంచం మీద నుంచి తల ఎత్తింది.

"ఏమండీ, మీకూ ఇనబడతా ఉండాదా?"

మూడు. కాసేపాగి మూడు.

ఊరుకుంటే ఏమవుతుందో, కొడితే ఏమవుతుందో నాకు తెలియదు. నేల మీద మోకరిల్లి, ఒకటి, రెండు, మూడు అని పైకి లెక్కపెడుతూ పిడికిలితో కొట్టాను. సరళ నా ముఖం చూసి ఏడుపు మొదలుపెట్టింది.

"ఎవురికండీ మీరు జవాబు చెప్తా ఉండేది?"

రక్తపరీక్షకి ఇంకా నాలుగు రోజులున్నాయి. దయ్యాలున్నాయని ఇప్పటికీ అనను. కానీ ఇవాళ మధ్యాహ్నం అయ్యేసరికి అన్నం కూడా వదిలేసి మంచం పక్కన నేల మీద కూర్చున్నాను. లెక్క తప్పుతానేమోనని భయం.