బర్రె వీపు మీద కుదిరిన కానూను

పెళ్లిలో మా పుట్టింటివాళ్లు నాకు అరణంగా ఒక నల్లటి బర్రెపడ్డను ఇచ్చారు. నాతోపాటే ఉప్పుగూడలో అత్తగారింటికి వచ్చింది. నాకంటే ముందే మా అత్తకు మచ్చికైంది. ఈని పాలివ్వడం మొదలుపెట్టాక ఇంట్లో నాకంటే దానికే మర్యాద ఎక్కువ. నేను కుళ్లుకునేదాన్ని, కాదనను. కానీ దాన్ని ఎవరైనా ఒక్క మాటంటే మాత్రం మీద పడి కరిచేదాన్ని.

మాది పాల వ్యాపారం. ఆ రోజుల్లో పట్నంలో పరువుగల ఇంటివాళ్లెవరూ డబ్బాపాలు కొనేవాళ్లు కాదు. బర్రె వాకిట్లోకి రావాలి, ఇంటాయన చెంబు పట్టుకుని చూస్తుండగా పితకాలి. అప్పుడే అవి పాలు. అందుకే రోజూ తెల్లవారుతూనే మా అత్తా నేనూ నల్లదాన్ని తోలుకుని లాడ్ బజార్ వెనక గల్లీకి నడిచేవాళ్లం.

ఆ గల్లీలో ఎదురెదురు ఇళ్లలో ఇద్దరు బల్దియా మెంబర్లు, అంటే మునిసిపాలిటీ సభ్యులు, ఉండేవారు. ఒకాయన గాజుల సేఠ్, వ్యాపారుల జట్టుకు పెద్ద. రెండో ఆయన వకీల్ సాబ్, చదువుకున్నవాళ్ల జట్టుకు పెద్ద. ఒకాయన అవునంటే ఇంకొకాయన కాదనాల్సిందే. ఏళ్ల తరబడి ఒకరితో ఒకరికి మాటల్లేవు. బర్రె ముందు ఎవరి వాకిట్లో నిలబడాలన్నది కూడా తగాదాయే. దానికి తోడు మా నల్లదానికొక పొగరు. ఒకసారి పొదుగులోకి పాలు చేపిందంటే అక్కడే మొత్తం పితకాలి, కదిలిస్తే పాలు ఎగబట్టేస్తుంది. అందుకని మా అత్త దాన్ని సరిగ్గా గల్లీ నడిమధ్య నిలబెట్టేది. పెద్దమనుషులిద్దరూ చెంబులు పట్టుకుని చెరోవైపు నిలబడి ఆకాశం కేసి చూసేవారు. నాకు నవ్వాగేది కాదు.

అప్పుడే బల్దియా ముందుకు ఒక అధికారి కొత్త కానూను తెచ్చాడు. పాడిపశువులు గల్లీల్లోకి రాకూడదు, పాలు మూతపెట్టిన డబ్బాల్లోనే అమ్మాలి. పేడ, ఈగలు, జబ్బులు అని కారణాలు చెప్పారు. అవేమీ అబద్ధాలు కావు, నేనైనా ఒప్పుకుంటాను. కానీ మా దగ్గర పాలు పోయించుకునే వాడికలన్నీ వాకిటి వాడికలే. అవి పోతే గడ్డి ఎక్కడినుంచి తేవాలి? నల్లదాన్ని అమ్మేద్దామన్నాడు మా మామ. బేరగాడు వచ్చి, పళ్లు చూసి, తన తాడు దాని మెడకు బిగించి పోయాడు. ఆ తాడు పడిందంటే బేరం కుదిరినట్టే. పశువులు గల్లీల్లోకి రాకూడదని పాసైన మరునాడు తోలుకుపోతాను, పాసు కాకపోతే బేరం లేదన్నాడు. ఆ రాత్రి నేను కొట్టంలో దాని పక్కనే పడుకున్నాను.

మా అత్త ఏడ్చే మనిషి కాదు. మర్నాడు గల్లీలో పాలు పితుకుతూ, అందరికీ వినబడేట్టు బర్రెతో మాట్లాడటం మొదలుపెట్టింది.

“మంచిగ చేపు తల్లీ. ఇంకెన్ని దినాలు నీ పాలు? అటెన్క సాబులకు డబ్బల నీళ్లే గతి.”

“ఏందమ్మా గట్లంటున్నవ్?” అన్నాడు వకీల్ సాబ్.

“నేనేమన్న సాబ్, బర్రెతోని మాట్లాడుతున్న. బల్దియల చెయ్యెత్తేటోళ్లు మీరే గద!”

 వకీల్ సాబ్ కూడా బర్రెతోనే అన్నాడు. “నేను తర్మీమ్ రాస్త. నేను పెడ్తే అవుతలి జట్టు కొట్టేస్తది. ఏం ఫాయిదా?”

తర్మీమ్ అంటే సవరణ అని నాకు అప్పుడే తెలిసింది.

సేఠ్ కూడా బర్రె చెవిలోనే చెప్పాడు. “రాసేటోళ్లు రాస్తే పెట్టేటోళ్లు పెడ్తరు. పెట్టినంక రాసినోళ్లే లేచి కాదంటే?”

“వకీల్ నోట్లె ఒక్కటే మాట ఉంటదని సేఠ్‌కు చెప్పు,” అన్నాడు వకీల్ సాబ్ బర్రెతో.

నల్లది నెమరేస్తూ ఇద్దరి మాటలూ విన్నది. తర్వాత రోజుల్లో దాని వీపు మీదనుంచే బేరాలు నడిచాయి. దుకాణాలు తెరవకముందే పశువులు గల్లీ వదిలిపోవాలన్నాడు సేఠ్. జబ్బు బర్రెను తేకూడదు, పేడ అప్పటికప్పుడే ఎత్తుకుపోవాలన్నాడు వకీల్ సాబ్. మా అత్త అన్నింటికీ తలూపింది. పిడకలు చేసుకునేవాళ్లం, పేడ పోగొట్టుకోవాలని మాకు మాత్రం ఎందుకుంటుంది?

మీటింగు రోజు పాలవాళ్లమంతా పోయి బల్దియా వరండాలో కిటికీల దగ్గర నిలబడ్డాం. సేఠ్ లేచి, ఈ షరతుల మీద పశువులు గల్లీల్లోకి రావచ్చన్న సవరణ చదివాడు. వకీల్ సాబ్ లేచి, ఇది మంచి సవరణ, నేను బలపరుస్తున్నాను అన్నాడు. లోపల అందరూ బిత్తరపోయారు. కావాలన్నవాళ్లు చేతులెత్తమన్నాడు అధ్యక్షుడు.

రెండే చేతులు లేచాయి. సేఠ్‌ది, వకీల్ సాబ్‌ది!

సేఠ్ పెట్టినదానికి చెయ్యెత్తే అలవాటు వకీల్ సాబ్ మనుషులకు లేదు. వకీల్ మెచ్చుకున్నాడంటే ఇందులో ఏదో మోసముందని సేఠ్ మనుషులు ఎత్తబోయిన చేతులు దించేశారు.  తాడు కట్టిన మెడే నా కళ్లముందు ఆడింది.

పెద్దమనుషులిద్దరూ ఒకేసారి వెనక్కి తిరిగారు. “అరె, ఏం జూస్తున్నరు? ఎత్తుండ్రి చేతులు!” అని సేఠ్, “హాత్ ఉఠావ్!” అని వకీల్ సాబ్, ఎవరి జట్టు మీద వాళ్లు అరిచారు. కిటికీ బయట మా అత్త కూడా చెయ్యెత్తింది. అధ్యక్షుడికి నవ్వాగలేదు. మళ్లీ అడిగాడు. ఈసారి హాలు నిండా చేతులే లేచాయి.

ఇంటికి రాగానే తాడు విప్పబోయాను. వానకు తడిసిన ముడి బిగుసుకుపోయి మా మామ చేతికి కూడా ఊడలేదు. అలాగే మర్నాడు గల్లీకి తోలుకుపోయాం. అక్కడ మెంబర్లిద్దరూ అప్పటికే మొహం మొహం చూసుకుని కొట్లాడుతున్నారు.

“రాసింది నేను!” అంటున్నాడు వకీల్ సాబ్.

“నేను పెట్టకుంటే నీ కాగితం ఎవడు జూస్తుండె?” అంటున్నాడు సేఠ్.

ఏళ్ల తర్వాత వాళ్లు నేరుగా మాట్లాడుకోవడం అదే మొదలు. ఎంత ముచ్చటగా ఉందో ఆ లొల్లి!

“కొట్లాట తర్వాత, జర ఈ ముడి జూడుండ్రి,” అంది మా అత్త.

కొట్లాట ఆపకుండానే వకీల్ సాబ్ రెండు కొమ్ములూ పట్టుకున్నాడు. గాజులు ఏరి ఏరి అలవాటైన వేళ్లతో సేఠ్ ముడి సడలించాడు. తాడు ఊడివచ్చింది. అది నా చేతిలో పెట్టి మళ్లీ మొదలుపెట్టారు. నేను గల్లీ నడిమధ్య, అందరి ముందూ, నల్లదాని మెడ కావలించుకుని వెక్కి వెక్కి ఏడ్చాను.

మా అత్త నా భుజం తట్టి, గంప నా ముందుకు జరిపింది.

“పేడ ఎత్తు పిల్లా, కానూనున్నది.”