వేలు పడిన రోజు

మార్కాపురం దగ్గర మా ఊళ్ళో చాలామంది ఆడవాళ్ళకు పలకల షెడ్డే బతుకు. రాతి పలకను అదిమిపట్టి నున్నబడేదాకా రుద్దాలి. సాయంత్రం బయటికొచ్చేసరికి వాళ్ళ కనురెప్పల మీద కూడా బూడిదరంగు పొడి ఉంటుంది. వాళ్ళలో ఒకామె ఆ పని పదిహేనేళ్ళు చేసింది.

నేను అదే ఊళ్ళో బ్యాంకు తరఫున ఒక చిన్న గదిలో కౌంటరు నడుపుతాను. డబ్బు కట్టడానికి పాసుబుక్కు ఉంటే చాలు. తీసుకోవాలంటే మాత్రం మిషన్ మీద వేలిముద్ర పడాలి.

వారం కూలి చేతికొచ్చిన ప్రతి శనివారం ఆమె వచ్చి ఎంతో కొంత కట్టేది. ఎందుకని నేను అడగలేదు, తనే చెప్పింది.

"ఇంట్లో తెలీదు తమ్ముడా. నాలుగు మేకలు కొనుక్కుంటా. ఈ దుమ్ములో ఇంక కూచోలేను."

అప్పటికే ఆమెకు దగ్గు ఉంది. మేకలు వస్తే షెడ్డు మానేయవచ్చు. ఆమె లెక్క అంతే.

మూడేళ్ళు గడిచేసరికి మేకలకు సరిపడా జమైంది. అర్ధవీడు వైపు ఎవరో మేకలు ఇస్తామన్నారట. ఆ పొద్దున డబ్బు తీసుకోవడానికి వచ్చింది. వేలు పడలేదు. కొంగుతో తుడిచి పెట్టింది, తలకు రుద్దుకుని పెట్టింది, పది వేళ్ళూ మార్చింది. చర్మం మీద గీతలే లేవు. వెనక వరసలో ఉన్న ముసలామె ఊరుకోలేదు.

"పలకతో పాటు ఏళ్ళు గూడా అరగదీసినావు గదమ్మే. యాడన్నా ఒక ఏలు అడుక్కొచ్చుకోరాదా?"

అందరూ నవ్వారు. ఆమె కూడా నవ్వింది. అందరికంటే ఎక్కువగా నేను నవ్వాను.

పట్నంలో బ్యాంకుకు పోతే మొగుణ్ణి పిలుచుకు రమ్మంటారేమోనని ఆమె భయం. ఏటీఎం కార్డు తీసుకుంటే ఎవరినీ అడగక్కర్లేదని నేనే చెప్పాను. కార్డు వచ్చాక ఆటోలో ఇద్దరం మార్కాపురం వెళ్ళాం. ఏటీఎం ముందు పిన్ నంబరు నాలుగు అంకెలు నేనే అనుకున్నాను, నేనే నొక్కాను. ఆమె నా భుజం పక్కనుంచి చూస్తూ నిలబడింది.

"నన్నొకసారి నొక్కనియ్యి తమ్ముడా."

వెనక నలుగురైదుగురు ఉన్నారు. నిదానంగా నేర్పుతాలే అక్కా అన్నాను. మేకలవాళ్ళు ఇంకో నెల ఆగమన్నారని ఆ రోజు డబ్బు తీయలేదు. కార్డు ఇంట్లో పెడితే దొరికిపోతుందని నా సొరుగులో ఉంచమంది.

తర్వాత మూడుసార్లు వచ్చి ఏటీఎంకు తీసుకుపొమ్మని అడిగింది. ఒకసారి పింఛన్ల రద్దీ అన్నాను. ఒకసారి నెట్ లేదన్నాను. మూడోసారి నేను నా పని మీద మార్కాపురమే పోతున్నాను. బండి మీద వెనక ఖాళీ ఉంది. ఎవరైనా ఏమైనా అనుకుంటారని రేపు రమ్మన్నాను.

ఆ వారంలోనే ఆమె భర్త ఏదో పని మీద కౌంటరుకు వచ్చాడు. మీ ఇంటామె మేకల దుడ్లు నువ్వే తీసియ్యరాదా, నాకు తీరడం లేదు అన్నాను.

"ఏం దుడ్లు?" అన్నాడు.

అక్కడ ఆగిపోవచ్చు. నేను ఆగలేదు. ఎంత ఉందో చెప్పాను. కార్డు ఇచ్చాను. నాలుగు అంకెలు చీటీ మీద రాసి ఇచ్చాను.

పొరపాటున నోరు జారానని చాలాకాలం నాకు నేను చెప్పుకున్నాను. అది అబద్ధం. ఇంట్లో తెలియదని ఆమె అన్న మాట నాకు బాగా గుర్తుంది. మొగుడికి తెలియకుండా ఆడమనిషి దాచుకోవడమేంటి అన్నది నాలో ఉంది. మాటిమాటికి వచ్చి అడుగుతోందన్న విసుగూ ఉంది.

ఆయన తాగి తగలెయ్యలేదు. ఉన్న ఎకరంలో బోరు వేయించాడు. నీళ్ళు పడలేదు. తెల్లారేదాకా దుమ్మే లేచింది.

మర్నాడు ఆమె వచ్చింది. గొంతు పెంచలేదు.

"నీ కాడ పెట్టింది ఆయనకియ్యమని కాదు గదా."

ఆయనేమన్నా పరాయోడా అక్కా అన్నాను. ఆమె కాసేపు నా సొరుగు వైపు చూసి వెళ్ళిపోయింది. ఆ తర్వాత ఎప్పుడూ నన్ను తమ్ముడా అనలేదు.

మళ్ళీ షెడ్డుకే పోయింది. ఇంకో ఏడాదికి పది అడుగులు వేస్తే నిలబడి ఊపిరి తీసుకోవాల్సి వచ్చేది. దుమ్ము దగ్గరికి పోవద్దని డాక్టరు చెప్పాక ఇంట్లో కూర్చుంది.

కొన్ని నెలల తర్వాత ఖాతాలో ఏమైనా మిగిలిందేమో చూడమని వచ్చింది. అలవాటుగా కొంగుతో తుడుచుకుని వేలు పెట్టింది. మొదటిసారికే పడింది. రాయి ముట్టని ఆ నెలల్లో చర్మం మీద గీతలు తిరిగి వచ్చాయి. వేలు తన కళ్ళ ముందు పెట్టుకుని చూసుకుంది.

ఎంతుందని అడిగింది. వరసలో వాళ్ళకు వినపడకుండా మెల్లగా, నూటయాభై అన్నాను.

"గట్టిగా చెప్పు. నా దుడ్లే గదా."

గట్టిగా చెప్పాను. వంద తీసుకుంటానంది. నేను నొక్కబోతుంటే చెయ్యి అడ్డం పెట్టింది.

"నేను నొక్కుతా."

మిషన్ ఆమె వైపు తిప్పాను. ఒకటి ఎక్కడుందో, సున్నా ఎక్కడుందో చూపించాను. ఒక్కొక్కటే నొక్కింది. మళ్ళీ వేలు పెట్టింది. చీటీ వచ్చింది. వరసలో ఎవరూ విసుక్కోలేదు. రెండు నిమిషాలు పట్టిందేమో.

నోటు మడిచి కొంగున ముడేసుకుని మెట్లు దిగింది. మూడు మెట్లే. రెండో మెట్టు మీద గోడ పట్టుకుని చాలాసేపు నిలబడింది.